గుమ్మం పట్టని అలమర

ఇవాళ కొత్త ఫ్రిజ్ పెట్టె విప్పగానే అడుగున ఉన్న చెక్కల వాసన గుప్పుమంది. ఖుర్సీపార్ కాలనీ చిన్ననాటి దోస్తులూ, మా వరండాలో పుస్తకాల అలమర గుర్తుందా?

ఉక్కు ప్లాంటులో ఫిట్టరైన నాన్న గేట్‌పాస్ రాయించుకుని, మెషిన్లొచ్చిన పాత పెట్టెల చెక్కలు తెచ్చారు. వంకర మేకులు ఇటుక మీద తిన్నగా కొట్టడం నా పని. మిల్లీమీటరు తేడా వచ్చినా నాన్న ఒప్పుకునేవారు కాదు. నా మొదటి అలమర వరండాలో తయారైంది. గంతులేస్తూ లోపలికి తోశాను. గుమ్మంలో ఇరుక్కుంది.

"గుమ్మం కొలవనేదేటే?" అన్నారు నాన్న నాతో.

"టేపు మీ చేతిలోనే ఉంది కదేటి," అంది అమ్మ. "బయటే ఉండనీండి."

ఆ సాయంత్రమే కదా, వీధిలోంచి అలమర చూసి, కామిక్సులు పట్టుకుని మీరంతా మొదటిసారి మా మెట్లెక్కారు? గుమ్మం ఇంకో అంగుళం వెడల్పుంటే మీరెవరూ నాకు దొరికేవారే కాదు.