క్రిస్మస్ చెట్టును పడగొట్టింది నేనే

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. ముప్పై నిండని వయసు, ఆక్లాండ్‌లో కొత్త ఉద్యోగం, ఊరి శివారు మనురేవాలో అద్దె ఫ్లాటు, దాని ముందు సెకండ్ హ్యాండ్ కారు. ఇన్ని ఉన్నవాడికి ఇంకొకరు నేర్పేదేముంటుంది? రెండు వేల పన్నెండు, పదమూడు నాటి మాట ఇది. ఇప్పుడు సగం తల నెరిసింది, తెలియనివాటి జాబితా రోజూ పెరుగుతోంది. అందుకే మనవాళ్లంతా ఒక పెద్దమనిషి మీద వేసిన నింద అసలు ఎవరికి చెందాలో ఇప్పటికైనా రాసి పెడుతున్నాను. ఆ ఏడు మన తెలుగువాళ్ల క్రిస్మస్ భోజనాల్లో హాల్లో చెట్టు పడిపోయింది, గుర్తుందా? (ఆ రోజు లేనివాళ్లు కంగారు పడకండి, అంతా చెబుతాను.) అది స్టాండు తప్పు కాదు. బులా మామ తప్పు అసలే కాదు.

బులా మామ మా వీధి చివరి ఇంట్లో ఉండే ఫిజీ తెలుగాయన. ఎవరు ఎదురైనా ఫిజీ పద్ధతిలో 'బులా!' అని పలకరిస్తాడు కాబట్టి ఆ పేరు. ముత్తాతల కాలంలో చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లిన కుటుంబం వాళ్లది. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగును ఆయన పండగ బట్టల్లా జాగ్రత్తగా వాడేవాడు. క్రిస్మస్ భోజనాలకు పైన్ చెట్టు తెచ్చేది, సొంతంగా చేసిన చెక్క స్టాండులో దాన్ని నిలబెట్టేది ఆయనే. మిగతా మీటింగుల్లో 'ఫిజీ వాళ్లు' అంటూ ఆయన్ని ఓ మూల కూర్చోబెట్టే మనవాళ్లు ఆ ఒక్క రోజు మాత్రం 'మామా, ఎక్కడ పెడదాం? మామా, ఇటు తిప్పుదామా?' అని చుట్టూ తిరిగేవారు. ఆ రోజు కోసం ఆయన ఇస్త్రీ చొక్కా విడిగా దాచుకునేవాడని తర్వాత తెలిసింది.

ఆయన ఇంటి వెనక షెడ్డులో ఒక లేత్ మిషన్ ఉండేది. తిరిగే చెక్కకు ఉలి ఆనిస్తే సన్నటి చెక్కు రిబ్బన్‌లా లేచేది, చూస్తుండగానే గుండ్రటి బంతి, కింద కోసుగా తోక, చెట్టుకు వేలాడదీసే క్రిస్మస్ అలంకారం తయారయ్యేది. ఒక శనివారం అది చూసి నేను నోరు జారాను. "మా ఊరికి దగ్గర్లోనే ఏటికొప్పాక మామా. లక్క బొమ్మలన్నీ ఇలాంటి మిషన్ మీదే చేస్తారు. ఈ పని మాకు రక్తంలోనే ఉంది." (ఆ బొమ్మలను నేను రైల్వే స్టేషన్‌లో బేరమాడి కొన్న మాట నిజం. మా రక్తానికీ వాటికీ ఉన్న సంబంధం అంతే.) మామ కళ్లు మెరిశాయి. "అట్లా అయితే ఈ ఏడు చెట్టుకు బంతులు నువ్వే చెయ్యి బాబూ," అన్నాడు. ఆ సాయంత్రానికల్లా మన తెలుగు అసోసియేషన్ వాళ్లందరికీ నేను హస్తకళాకారుణ్ణని తెలిసిపోయింది. తెలియజేసింది నేనే.

చెక్క ఎంచుకోవడంలోనూ నా తెలివి చూపించాను. మామ తేలికపాటి పైన్ ముక్కలు ఇస్తానన్నాడు. నాకు మూలనున్న పాత కంచె స్తంభం నచ్చింది. పురిరి అనే చెట్టుదట, ముదురు గోధుమ రంగు, ఇనుమంత గట్టి. "అది బరువు బాబూ," అన్నాడు మామ. "తప్పదంటే లోపలంతా తొలవాలి. గుడ్డు పెంకంత పల్చగా రావాలి. అప్పుడే కొమ్మ మోస్తుంది." మొదటి బంతి తొలవబోతే ఉలి పట్టేసి అది రెండు ముక్కలై నా చెవి పక్కనుంచి ఎగిరిపోయింది. రెండోది కిటికీ అద్దం మీదికి వెళ్లింది. ఆదివారం భోజనాలు, శుక్రవారం వచ్చేసింది. ఇక తొలవడం మానేసి, బత్తాయంత పన్నెండు బంతులను గట్టివి గట్టివిగానే తిప్పి, ఎర్ర రంగు పూసి, తొలిచి మూసినట్టు కనపడాలని పైన చిన్న మూత అంటించేశాను. "తొలిచావా?" అని మామ అడిగితే "తొలిచాను మామా," అన్నాను. ఆయన చూద్దామని చెయ్యి చాపితే రంగు తడిగా ఉందన్నాను. ఇంట్లో మా ఆవిడ ఒకదాన్ని రెండు చేతులతో ఎత్తి, "ఏవండీ, ఇది క్రిస్మస్ బంతా, రుబ్బురోలు పొత్రమా?" అంది. కళ గురించి నీకేం తెలుసన్నాను.

ఆదివారం మామ చెట్టు నిలబెట్టి, మూడుసార్లు ఊపి చూసుకుని, అందరికీ 'బులా' చెప్పడానికి వెళ్లాడు. బంతులు కట్టింది నేను. ఫొటోల్లో బాగా పడాలని పన్నెండూ జనం వైపే, పై కొమ్మలకే కట్టాను. ఇక్కడ ఎండాకాలమైన డిసెంబరు ఉక్కలో శాంటా వేషం వేసుకుని చెమటలు కక్కుతున్న ప్రెసిడెంటు గారు (హైదరాబాదాయన) అందరినీ ఫొటోకు పిలిచారు. అందరూ నవ్వారు. చెట్టు కూడా మర్యాదగా ముందుకు వంగింది. మేం ఇంకా నవ్వుతూనే ఉన్నాం. అది ఇంకా వంగి, నెమ్మదిగా మీగడ పరిచిన పావ్‌లోవా కేకు మీదుగా వెళ్లి బిర్యానీ గిన్నెలో తల పెట్టింది. మూడు బంతులు నేల మీద దడదడమని దొర్లాయి. ప్రెసిడెంటు గారు గడ్డం మీద మీగడ తుడుచుకుంటూ, "అరె, గిట్లెట్ల పడ్డదే? ఎవరన్నా ముట్టుకున్నరా?" అన్నారు. అందరూ చెట్టు పక్కనున్న నా వైపు చూశారు. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "స్టాండు లూజుగా ఉన్నట్టుందండీ."

మామ అప్పటికే వంగి ఒక బంతి తీశాడు. దాన్ని అరచేతిలో ఒకసారి ఎత్తి చూశాడు, నన్ను చూశాడు. "అవునయ్యా, నేనే సరిగ్గా బిగించలేదు. ముసలి చేతులు," అని మిగతావి కూడా ఏరి సంచీలో వేసుకున్నాడు. మరుసటి ఏడు కమిటీ ప్లాస్టిక్ చెట్టు కొంది. "మామా, నువ్వు కూసో, మేం చూసుకుంటం," అన్నారు ప్రెసిడెంటు గారు, మంచిమాటగానే. ఇస్త్రీ చొక్కాలో మామ ఓ మూల కూర్చుని ప్లేటులో అన్నం కలుపుకున్నాడు. నేను ఇంకో మూల కూర్చున్నాను.

అలాగని మామ షెడ్డుకు వెళ్లడం మానలేదు. అక్కడ గాలికి తలుపు కొట్టుకోకుండా కింద ఒక ఎర్రటి గుండు పెట్టాడు, దొర్లకుండా ఒక వైపు చదునుగా కోసి. అది నా బంతే. ఐదేళ్లు ప్రతి శనివారం దాన్ని దాటుకుని లోపలికి వెళ్లాను. చివరికి ఒక రోజు తట్టుకోలేక గుమ్మంలోనే ఆగి, "మామా, వాటిని నేను తొలవలేదు," అన్నాను. ఆయన మిషన్ ఆపాడు. "తెలుసు బాబూ. తలుపు ఆగుతోందిగా," అన్నాడు. మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదన్నాను. "చెప్తే నువ్వు సిగ్గుపడి ఇక్కడికి రావడం మానేసేవాడివి. నాతో తెలుగు మాట్లాడేదెవరు?" అని మళ్లీ మిషన్ ఆన్ చేశాడు.

ఆ వారమే ప్రెసిడెంటు గారికి జరిగింది చెప్పాను. (ఆయన ముందు నవ్వారు, తర్వాత నవ్వాపి మామ ఇంటికి బయలుదేరారు.) ఆ డిసెంబరులో హాల్లో మళ్లీ నిజమైన చెట్టు నిలబడింది, ఇస్త్రీ చొక్కా మామే నిలబెట్టాడు. దానికి నాదీ ఒక బంతి వేలాడింది. తలుపు దగ్గరి గుండునే మూడు శనివారాలు కూర్చుని, ఏమీ పగలగొట్టకుండా తొలిచాను. మా ఆవిడ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, కొమ్మకు తగిలించింది. పండగ వెళ్లిన రెండో రోజు మామ ఫోన్ చేశాడు. "బాబూ, షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటోంది. ఇంకొకటి చేసి పట్రా. ఈసారి తొలవకు. ఆ పని నీకు రక్తంలోనే ఉంది." ఒకప్పుడు అన్నీ తెలిసిన ఆ కుర్రాడికి జీవితంలో వచ్చిన మొదటి ఆర్డరు అది. రంగు ఎర్రదే వేశాను.