పిట్ట ముక్కున చేప పేరు

నారాయణఖేడ్ మార్కెట్‌లో షాహజాదీ ఇరవై ఎనిమిదేళ్లుగా చేపలు అమ్ముతోంది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, బేరమాడేది తెలుగులో. తోక చేతికి తగిలితే చాలు, అది ఏ చేపో చెప్పేస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోమని ఎవరైనా అంటే, "చేపలకు లేవు, నాకెందుకు?" అంటుంది.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో బట్టల దుకాణం సంగప్ప కూతురు స్మిత వచ్చి ఆమె కత్తిపీట ముందు కూర్చుంది. హైదరాబాద్‌లో పిట్టల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. సిర్గాపూర్ అవతల పెద్ద చెరువులో నీళ్లు తగ్గగానే ఇసుక దిబ్బలు బయటపడతాయి. వాటి మీద టర్న్ అనే చిన్న తెల్లపిట్టలు గుడ్లు పెడతాయి. ఎక్కువగా సముద్రం ఒడ్డున బతికే జాతి, మంచినీళ్ల మీదికీ వస్తుంది. అవి ఏం తింటాయి, పిల్లలకు ఏం తెచ్చి పెడతాయి అన్నది స్మిత తేల్చాలి. దూరం నుంచి రెండు వందల పదహారు ఫొటోలు తీసింది. ప్రతి దాంట్లో పిట్ట ముక్కున అడ్డంగా ఓ చిన్న చేప. ఏ చేపో సగం వాటిల్లో ఆమెకు అంతు చిక్కలేదు.

"ఖాలా, గిదేం చేప?" అంటూ, పిన్నిని పిలిచినట్టే పిలిచి, ఫోను చూపించింది.

షాహజాదీ చెయ్యి తుడుచుకుని ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. "పరక. గిది గూడ పరకనే, పెద్దగ పెరగని జాతి. గిది జెల్ల పిల్ల. గిదైతే చేప గాదు బేటా, రొయ్య. తల పిట్ట నోట్ల ఉంది, అందుకే మీసాలు కనబడ్తలేవు."

కొనడానికి వచ్చినవాళ్లు సంచులు పట్టుకుని నిలబడిపోయారు. వాళ్ల వైపు చూడకుండానే ఆమె మరో ముప్పై ఫొటోలకు పేర్లు చెప్పింది.

మిగిలిన ఫొటోలనూ షాహజాదీ రెండు రోజుల్లో తేల్చేసింది. ఆ శుక్రవారం స్మిత ఆమెను బస్సెక్కించి చెరువుకు తీసుకెళ్లింది. ఇన్నేళ్లూ ఆ చెరువు చేపలు అమ్మిందే కానీ, షాహజాదీ ఆ చెరువును చూడటం అదే మొదటిసారి. గట్టు మీద నిలబడి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఆ తర్వాత, "ఇంత పెద్దగుంటదా!" అంది మెల్లగా.

అంతలో ఆమెకు మార్కెట్‌లో తెలిసినవాడే, చేపలు పట్టేవాళ్ల పెద్ద బాలప్ప వచ్చాడు. ముఖం కోపంగా ఉంది.

"మేం పెంచనీకి చెరువుల వదిలిన బొచ్చె చేప పిల్లలను గీ పిట్టలే మింగుతున్నయి. రేపు గుడ్లన్నీ తీసి పారేస్తం."

స్మిత ఏదో వివరించబోయింది. షాహజాదీ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"బాలప్పా, పిల్లలను ఎప్పుడు వదిలిన్రు?"

"వానకాలంల."

"గిప్పటికి ఒక్కోటి ఎంత తూగుతది?"

"అర కిలో."

"గా పిట్ట ఎంతుంది? నా పిడికిలంత లేదు. అర కిలో చేపను ఎట్ల మింగుతది?"

బాలప్ప వెంట వచ్చినవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"అంటే ఒక్కటి గూడ తినలేదంటవా?"

ఫొటోల్లో మూడు చేపలు, సరిగా ఎదగని బొచ్చె పిల్లలు. వాటి పేరు చెప్పింది షాహజాదీయే. ఇప్పుడు ఆ మాట రాకపోతే బాగుండునని స్మిత అనుకుంది.

"మూడు తిన్నయి," అంది షాహజాదీ. "రెండు వందల పదహారుల మూడు. మిగిలినయి నువ్వు వలల నుంచి ఏరి గట్టు మీద పడేసే పరకలు, రొయ్యలు. నేను అబద్ధం చెప్ప. కావాల్నంటే ఫొటోలు చూడు."

బాలప్ప నిజంగానే కూర్చుని చూశాడు, గంటసేపు. రెండు చోట్ల ఆమెతో వాదించి ఓడిపోయాడు. లేచేటప్పుడు, "పిల్లలు ఎగిరిపోయేదాంక దిబ్బ జోలికి పోం, అక్కా," అన్నాడు. ఆ ఎండాకాలం తెప్పలు దిబ్బకు దూరంగానే తిరిగాయి. గుడ్లు పిల్లలయ్యాయి, పిల్లలు ఎగిరాయి.

స్మిత చదువు ఈ మధ్యే పూర్తయింది. షాహజాదీ మాత్రం ఎండాకాలం శుక్రవారాలు చెరువుకు వెళ్లడం మానలేదు. ఆమె దగ్గర చేపలు కొనే నేనూ మొన్న వెంట వెళ్లాను. దిబ్బ మీద ఓ మగపిట్ట వేలెడంత పరకను తెచ్చి, ఆడపిట్ట ముందు తల వంచి నిలబడింది. జత కట్టేముందు అవి అట్లా చేస్తాయట. ఆడపిట్ట ముఖం తిప్పుకుంది.

"మరి! గింత చిన్నదా తెచ్చేది?" అని షాహజాదీ గట్టు మీద నుంచి మగపిట్టను కసిరింది. "పో, ఇంకోటి పట్కరా!"

అది ఎగిరి నీళ్ల మీదికి వెళ్లింది. ఆమె నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అది తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడింది.