యార్క్ స్టేషనుకి కుంకుమ బొట్టు

ఇంగ్లండులో, యార్క్ స్టేషన్లో రైలు దిగి తలెత్తి చూసా. వంపు తిరిగిన ఇనుప కప్పు, అద్దాల్లోంచి జారే ఎండ, వరసగా స్తంభాలు. ఇది నాకు తెలిసిన చోటే!

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో సిమెంటు మోసే గూడ్సు బండే తప్ప జనం ఎక్కే రైలు లేదు. నాన్న తెచ్చిన క్యాలెండర్లో ఈ బొమ్మ చూసి, గుడి అనుకుని, ముందు స్తంభానికి కుంకుమ బొట్టు పెట్టా.

"పిచ్చిదానా, అది రైలు స్టేషనే! విక్టోరియా రాణి కాలంలో కట్టింది" అని నవ్వుతూ నాన్న తుడవబోయాడు. నేను సిగ్గుతో నాయనమ్మ వెనక దాక్కున్నా.

"ఉండనీరా," అంది నాయనమ్మ. "ఎంతమంది ఎక్కి దిగే చోటో. అందరూ క్షేమంగా ఇల్లు చేరొద్దూ?"

ఏడాది మారినా ఆ క్యాలెండరు దేవుడి గూటి పక్కనుంచి కదల్లేదు.

ఇప్పుడు జనం నన్ను దాటుకుని హడావిడిగా పోతున్నారు. నేను మాత్రం ముందు స్తంభం దగ్గరికెళ్ళి, ఎక్కడైనా ఎర్రగా ఉందేమోనని వెతికా.