నడిమి గవ్వ కోసం అంతర్వేది

సమాధుల పండుగ ముందు మా అమ్మ ఏటా అంతర్వేది వెళ్ళి గవ్వలు ఏరుకొచ్చేది. తన తల్లి సమాధికి సున్నం వేసి, దాని మీద పచ్చి సిమెంటులో గవ్వలతో సిలువ గుచ్చేది. నడిమిది అన్నిటికన్నా పెద్దది. ఈసారి ఆ గవ్వలు అమ్మ సమాధికే కావలసివచ్చాయి. ఎనిమిదేళ్ళ మా అమ్మాయి జాయ్, నానమ్మకి నడిమి గవ్వ తనే తెస్తానని పట్టుబట్టి వెంట వచ్చింది.

తెల్లవారుతూనే రాజోలులో బస్సెక్కితే సఖినేటిపల్లి మీదుగా గంట పైన పట్టింది. గుడి దగ్గర దిగి, మనిషికి ఇరవై రూపాయలిచ్చి షేర్ ఆటోలో సముద్రానికి వెళ్ళాం. “గవ్వలకాండీ? కొట్లో దండలే అమ్ముతారు కదండీ” అన్నాడు డ్రైవరు. “కొన్నవి మాకు పనికిరావండి” అన్నాను. “ఆయ్, అదీ నిజమేనండి” అన్నాడు.

సంచీ ఏదని జాయ్ అడిగింది. నానమ్మ చీర కొంగునే ఒడిగా పట్టేదనీ, నువ్వూ గౌను అంచు పట్టుకోమనీ చెప్పాను. చిన్నప్పుడు అమ్మ వెనక నడుస్తుంటే ఆ ఒళ్ళో గవ్వలు గలగలమనేవి.

ఒడ్డున వల లాగి చేపలు ఏరుతున్నారు, పనికిరానివి ఇసుకలో పారేస్తున్నారు. అక్కడి నుంచి జాయ్ పరుగున వచ్చింది. “నడిమిది దొరికింది నాన్నా!” ఒళ్ళో గోధుమరంగు మచ్చల గవ్వ, ఐస్‌క్రీం కోను ఆకారంలో. దాని సన్నటి కొస నుంచి చిన్న గొట్టం బయటికొచ్చి కదిలింది.

“చెయ్యి పెట్టకు. అంచు వదిలేసి వెనక్కి రా.”

గవ్వలన్నీ ఇసుకలో పడ్డాయి. చేపలు ఏరుతున్నావిడ చూసి, “అమ్మో, పాపగారు పాముని ఒళ్ళో ఎట్టుకుని ముద్దు చేస్తన్నారండీ! మా ఆయన్ని ఓసారి పొడిసిందండి. చెయ్యి మొద్దుబారిపోయింది” అంది.

“నీ నోరు మాత్రం మొద్దుబారలేదే” అన్నాడు భర్త.

గవ్వ పోయిందని జాయ్ ఏడుపు మొదలుపెట్టింది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. “దీన్ని కోన్ నత్త అంటారు. నత్త నెమ్మది, చేప చురుకు. వెంటపడి పట్టుకోలేదు కదా, అందుకని సూదిలాంటి పన్ను దాచుకుంటుంది. గొట్టం చాపి పొడిచిందంటే విషం ఎక్కి చేప కదల్లేదు. అప్పుడు మింగేస్తుంది.”

“నేను చేపని కాదుగా?”

“పట్టుకుంటే భయపడి ఎవరినైనా పొడుస్తుంది. కొన్ని రకాలు పొడిస్తే మనుషులే పోతారు. విరుగుడు మందు లేదు.”

“అయితే చెడ్డదా?”

“కాదు. దాని తిండి అది సంపాదించుకుంటోంది.”

ఆవిడ భర్త రేకుముక్కతో దాన్ని ఎత్తి నీళ్ళలోకి విసిరాడు. అది పడినచోటునే జాయ్ చాలాసేపు చూసింది. మిగిలినవి నా తువ్వాలులో మూటకట్టాం.

మధ్యాహ్నం సమాధి దగ్గర నడిమి గవ్వ తప్ప సిలువ పూర్తయింది. నడిమికి ఏది పెట్టమంటావని అడిగాను. “ఏమీ పెట్టకు నాన్నా. నానమ్మది సముద్రంలో ఉందిగా” అంది. అలాగే వదిలేశాను.

అమ్మ అన్నేళ్ళూ ఒళ్ళోనే తెచ్చింది, ఏమీ కాలేదు. చూసి ఏరేదో, అదృష్టమో, ఇప్పుడు అడగడానికి లేదు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఒక్కమాట: గవ్వలకు బుట్ట తీసుకెళ్ళండి. ఎండు ఇసుకలో దొరికిన ఖాళీవే, లోపల చూసి ఏరండి. కోను ఆకారంలో ఉన్నదాన్ని ఏ కొసనా పట్టుకోవద్దు. పొడిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. మా ఇంట్లో ఇప్పుడు కొక్కేనికి ఒక బుట్ట వేలాడుతోంది.