బావ వెతికిన సౌండు

మొన్న జూబ్లీ హిల్స్‌లో ఒక పెళ్లి రిసెప్షన్‌కి వెళ్లాను. అక్షింతలు వెయ్యడానికి కట్టిన క్యూ కొత్త సినిమా టికెట్ల క్యూలా ఉంది గనక, మర్యాద సంగతి తర్వాత చూద్దామని ముందు భోజనాల వైపు నడిచాను. వేదిక పక్కన ఆర్కెస్ట్రా వాళ్లు పాత పాటలు అందుకున్నారు. కీబోర్డు ఆయన ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కి రెండు చేతులూ కీబోర్డు మెట్ల మీద పెట్టాడు. కుండ మీద మూత నెమ్మదిగా తీస్తే ఆవిరి పైకొచ్చినట్టు, మూసుకున్న శబ్దం ఒకటి మెల్లగా తెరుచుకుంది. వేణువు కాదు, వయొలినూ కాదు. నా ప్లేటులో బిర్యానీ చల్లారిపోయింది. మా బావ గుర్తొచ్చాడు.

బావ మద్రాసులో కీబోర్డు ప్లేయరు. సింథసైజరంటే అందరూ ఇంకా వింతగా చూసే రోజుల్లో ఈ శబ్దంతోనే పేరు తెచ్చుకున్నాడు. "ఆ సౌండు కావాలా? తెనాలాయన్ని పిలవండి" అనేవారట. సినిమా హైదరాబాదుకు తరలినప్పుడు ఆయనా తరలాడు. సామాన్ల లారీ దారిలో వానకు తడిసింది. సింథసైజరు మళ్లీ పలకలేదు. కోఠీలో దాన్ని చూపించని షాపు లేదు. కృష్ణానగర్‌లో రెండు గదుల కిరాయి ఇంట్లో అక్కా ఆయనా ఉండేవారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చాక నేనూ వాళ్ల దగ్గరే చేరాను. ఊరి చివర రాళ్లగుట్టలు పగలగొట్టి అద్దాల బిల్డింగులు లేపుతున్న కాలం. నా జీతం పెరుగుతున్న కొద్దీ బావకు పిలుపులు తగ్గాయి. ఇంతలో అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. చూస్తుండగానే పోయింది. ఆ తర్వాత బావ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫిల్మ్‌నగర్ వెళ్లేవాడు, మధ్యాహ్నానికి ఆ మడత నలగకుండానే తిరిగొచ్చేవాడు.

అప్పుడొక సంగీత దర్శకుడు కబురు పెట్టాడు. కొత్త సినిమాలో ఫ్లాష్‌బ్యాక్ పాటకు ఆ పాత సౌండే కావాలట. "అది తెచ్చిపెట్టండి, రీరికార్డింగ్ అంతా మీచేతే వాయిస్తాను" అన్నాడట. సినిమా మొత్తానికి నేపథ్య సంగీతమంటే నెలల తరబడి పని. బావ ముఖంలో కళ మళ్లీ కనిపించింది. మిషను లేకపోయినా, ఆ మిషనులా పలికే ప్రోగ్రాములు కంప్యూటర్లలోకి వచ్చేశాయి. ఒక్కో శబ్దానికి దాని సెట్టింగులన్నీ దాచిన ఫైలు, ప్యాచ్ అంటారు, ఒకటి ఉంటుంది, సరైన ప్యాచ్ దొరికితే చాలన్నారు.

"నువ్వు సాఫ్ట్‌వేరేగా, ఆ మాత్రం వెతకలేవా?" అన్నాడు బావ. నేను చేసేది అమెరికా బీమా కంపెనీ లెక్కల్లో తప్పులు పట్టే పని. కంటి డాక్టరుకు కాలు చూపించినట్టుంది వ్యవహారం. అయినా ఆయన ఆశ చూసి కాదనలేకపోయాను. నెట్ సెంటర్లో కూర్చుని దేశదేశాల వాళ్లు పెట్టిన ప్యాచ్‌లన్నీ దింపేవాణ్ని. ఒకటి ముక్కుతో పాడినట్టుండేది, ఒకటి అంబులెన్సులా అరిచేది. దాదాపు అదే అనిపించినవీ దొరికాయి. బావ కళ్లు మూసుకుని వినేవాడు. "అన్నీ ఉన్నాయిరా, ఊపిరే లేదు" అనేవాడు.

గడువు దగ్గర పడి, ఉన్నవాటిలో మంచిది పట్టుకుని స్టూడియోకి వెళ్లాం. సౌండ్ ఇంజనీరు హైదరాబాదీ. బావ పాత క్యాసెట్టు పెట్టించుకుని రెండుసార్లు విన్నాడు.

"ప్యాచ్ మంచిగనే ఉన్నది అన్నా. పాట నడుస్తుంటె సౌండ్ తెరిచే నాబ్ తిరుగుతున్నది, గంతే ఫరక్. మరి నీ చేతులు రెండూ మెట్ల మీదనే ఉండె గదా. గా నాబ్ ఎవరు తిప్పిండ్రు?"

"ఎవరూ తిప్పలేదయ్యా, అది దానంతటదే..." అని ఆగిపోయాడు బావ. నా వైపు తిరిగాడు. "మీ అక్క తిప్పేదిరా."

మద్రాసులో రికార్డింగుకి క్యారియర్ పట్టుకెళ్లిన అక్క ఆయన ఎడమ పక్కన స్టూలు మీద కూర్చునేదట. నాబ్ అనేది కాదు, వీణ బిరడాలా ఉందని బిరడా అనేది. ఎప్పుడు తిప్పాలో మొదట్లో ఈయన తల ఊపి చెప్పేవాడు. తర్వాత ఆ అవసరమూ లేకపోయింది. అడక్కముందే విస్తట్లో ఉప్పు వేసినట్టు తిప్పేది. అందుకే, అది మిషను చేసే పనే అనుకునేంతగా మరిచిపోయాడు మనిషి.

"ఫికర్ జెయ్యకు అన్నా, మౌస్‌తోని ఒక గీత గీస్తే అదే తిరుగుతది" అన్నాడు ఇంజనీరు. బావ గాల్లో చెయ్యి తిప్పి చూపిస్తుంటే, గీసి, చెరిపి, మళ్లీ గీశాడు. చివరికి శబ్దం తెరుచుకుంది. సంగీత దర్శకుడు "ఇదేనండీ!" అంటూ లేచి నిలబడ్డాడు. "దగ్గరగా ఉంది" అన్నాడు బావ. ఏం పేరుతో దాచాలని ఇంజనీరు అడిగితే అక్క పేరు చెప్పాడు. బతికున్నన్నాళ్లూ ఆవిణ్ణి "ఇదిగో" అనే పిలిచాడు. ఆయన నోట అక్క పేరు నేను వినడం అదే మొదలు.

పాట బాగా హిట్టయింది, ఆటోల్లో కూడా అదే మోగేది. రీరికార్డింగు పిలుపు కోసం బావ ఎదురుచూశాడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర ఇంజనీరు కలిసి, పాపం ఏ కల్మషమూ లేకుండానే చెప్పేశాడు. "రీరికార్డింగ్ అయిపాయె గదన్నా. సౌండ్ కంప్యూటర్ల ఉన్నది, ఇంకొకాయన వాయించేసిండు." ఆ ప్యాచ్ సీడీల మీద చేతులు మారి కృష్ణానగర్ అంతా పాకింది. వాయించేవాళ్లు అక్క పేరు పెట్టి "అది వెయ్యి" అనుకునేవారు. ఆవిడెవరో పాతకాలం హీరోయిన్ అనుకున్నవాళ్లూ ఉన్నారు.

నాకు ఒళ్లు మండింది. వెళ్లి ఆ సంగీత దర్శకుణ్ణి నిలదీయమన్నాను. బావ ఆ ఇస్త్రీ చొక్కా విప్పి కుర్చీ మీద వేశాడు.

"ఏమని అడగనురా? నా సౌండు నాకిమ్మననా? నాది కాదుగా." చొక్కా మడత వేలితో సరిచేస్తూ, "అన్నేళ్లు పక్కన కూచుని తిప్పింది. చెయ్యి నొప్పెడుతోందా అని నేనొక్కసారీ అడగలేదు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లలేదు. పక్కనున్న మనిషి మనకేం చేస్తోందో కాలం తప్పకుండా చెబుతుంది గానీ, ఆ మనిషిని తీసుకెళ్లాకే చెబుతుంది.