వద్దన్న చేతులు

ఇన్నేళ్లలో వేల వార్తలు రాశాను. వాటిలో చాలా మటుకు నాకే గుర్తులేవు. ఒక ఫొటో కింద రాసిన ఒక్క వాక్యం మాత్రం గుండె మీద బండలా ఉండిపోయింది. ఇంట్లో వాళ్లకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు మేడ్చల్‌లో ఒక దినపత్రికకు విలేకరిని. రావల్‌కోల్ దాటాక ఒక ఊరి మీదుగా గ్యాస్ పైపులైను వేస్తామన్నారు. మొదట గీసిన దారి ఒక నాయకుడి లేఅవుట్‌ పక్కనుంచి పోయేది. తర్వాత అది చిన్న రైతుల చేలల్లోకి జరిగింది. ఎందుకు జరిగిందో ఊరంతటికీ తెలుసు. లైను పోయిన చోట భూమి రైతు పేరు మీదే ఉంటుంది. కానీ అక్కడ బోరు వేయకూడదు, గది కట్టకూడదు, చెట్టు పెట్టకూడదు. ఆ రైతుల్లో ఒకామె ఎల్లవ్వ. ఆమెకున్నది ద్రాక్షతోట. పందిరి రాళ్లు పాతకుండా ద్రాక్ష ఎక్కడ పాకుతుంది?

ప్రజల అభిప్రాయం తెలుసుకుంటామని పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. మా పేజీని తొందరగా ముగించి అచ్చుకు పంపేస్తారు. అందుకని పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్కుకు చెప్పని అలవాటొకటి విలేకరులకుంది. సభ మొదలుకాక ముందే నాయకుణ్ని అడిగి వార్త పంపేస్తాం, ఫొటో తర్వాత పోతుంది. ఆ రోజూ అంతే, ఆ లేఅవుట్ నాయకుణ్నే అడిగాను. ‘గ్యాస్ లైనుకు గ్రామస్థుల మద్దతు’ అని పొద్దున్నే పంపేశాను.

మధ్యాహ్నం అధికారి మైకు అందుకుని, అభ్యంతరం ఉన్నవాళ్లు చేతులెత్తండి అన్నాడు. టెంటు కింద దాదాపు అందరి చేతులూ లేచాయి. ముందు వరుసలో ఎల్లవ్వ. నా కెమెరా చూసి చెయ్యి ఇంకా పైకెత్తింది.

“మంచిగ తియ్యి బిడ్డా. నా చెయ్యి కనవడాలె.”

కనబడింది. ఫొటో చాలా బాగా వచ్చింది.

డెస్కుకు ఫోన్ చేసి వార్త మార్చమనాలి. అంటే, సభ కాకముందే ఎలా రాశావని అడుగుతారు. నాయకుడంటే భయం కూడా ఉండింది. భయమా? ఇప్పుడు కూడా మెత్తటి మాటే వెతుక్కుంటున్నాను. అతని బండిలో తిరిగినవాణ్ని, అతని దావత్‌లలో తిన్నవాణ్ని, అతనికి ఎదురు రాయాల్సిన రోజొకటి వస్తుందని ఎన్నడూ అనుకోనివాణ్ని. వార్త మార్చలేదు. ఫొటోనే వార్తకు సరిపెట్టాను. ‘చేతులెత్తి మద్దతు తెలుపుతున్న గ్రామస్థులు.’

తర్వాత రైతులు ఏ ఆఫీసుకు పోయినా నా ఫొటోయే ఎదురైంది. మీరే ఒప్పుకున్నారు కదా అన్నారు. నన్ను మండించేది ఇదే. జనాన్ని అడగాలన్నారు, అడిగారు, జనం వద్దన్నారు. ఆ వద్దును ఔనుగా చదువుకోవడానికి ఒక ప్రభుత్వానికీ ఒక కంపెనీకీ నాలాంటి వాడొకడు చాలు! ప్రజామోదం అనే మాట ఎక్కడ కనబడినా ఇప్పుడు నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి చేతులవి? దేనికెత్తారు? కింద వాక్యం రాసిందెవడు?

యంత్రాలు వచ్చి పందిరి రాళ్లు పీకుతున్న రోజు మళ్లీ వార్త కోసం వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లానో. ఎల్లవ్వ గట్టు మీద కూర్చుని ఉంది.

“ఏం సారూ, మళ్ల ఫొటో తీస్తవా?”

అంతకుముందు బిడ్డా అనేది.

“అవ్వా, గా మాట డెస్కుల మారింది. నాకు తెల్వదు,” అన్నాను.

“గట్లనా? చెయ్యి నాది, మాట మీది. మస్తుగుంది మీ డెస్కు.”

నవ్వింది. నమ్మలేదు. మొదటి తప్పు తొందరలో జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. ఈ అబద్ధం మాత్రం ఆమె కళ్లలోకి చూస్తూ ఆడాను.

ఎల్లవ్వ ఇప్పుడు శామీర్‌పేట వైపు ఎవరి తోటకో కూలికి పోతోంది. ఆమె ముందుకు వెళ్లే ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. నేను వేయలేదు. ఇప్పుడు వేస్తున్నాను.

ఫొటోలో: గ్యాస్ లైను వద్దని చేతులెత్తిన రైతులు. ముందు వరుసలో అందరికంటే పైకి లేచిన చెయ్యి ఎల్లవ్వది.