సొంత ఊరికి చుట్టాలమై వెళ్ళిన రోజు

నా చిన్నప్పుడు, డెబ్బైల్లో మాట, మా తిరువూరు బడి పిల్లలంతా ఓరుగల్లు చూడటానికి బస్సెక్కితే నేను గవదబిళ్ళలతో మంచమెక్కాను. వాపు తగ్గి లేచేసరికి శనివారం అయింది. ఇక సోమవారం బడికి వెళ్తే వాళ్ళంతా వేయి స్తంభాల గుడి గురించి కథలు కథలుగా చెబుతుంటే, చెప్పడానికేమీ లేక నేను నోరు మూసుకుని వినాలి. అసలే మాటల పుట్టని. ఒకటే ఏడుపు.

మా తాతయ్య చర్చి బడిలో పనిచేసి రిటైరైన మాస్టారు. ఓదార్చడం ఆయనకు చేతకాదు. ఆ రోజే నన్ను బస్సులో పక్కనున్న ఎ.కొండూరు తీసుకెళ్ళి, ఇడ్లీ తినిపించి, మళ్ళీ తిరువూరు బస్సే ఎక్కించాడు. "ఇప్పుడు మనం ఈ ఊరికి కొత్త. ఏం చూడాలన్నా జనాన్ని అడిగే చూడాలి," అన్నాడు. ఆయనకు మతి పోయిందనుకున్నాను. అయినా ఇంట్లో కూర్చుని ఏడవడం కన్నా ఇదే నయమనిపించింది.

బస్సు దిగగానే గుడి పూజారిగారు ఎదురయ్యారు. రోజూ మా వీధిలో నడిచే మనిషే. "మేం ఊరికి కొత్తండి. ఇక్కడ చూడాల్సినవి ఏమున్నాయండి?" అని అడిగాను. ఆయన తాతయ్య వంక చూశారు. తాతయ్య ఆకాశం వంక చూశాడు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నారు పూజారిగారు నవ్వాపుకుంటూ.

"వినగడపండి," అన్నాను తడుముకోకుండా.

ఇక ఆయన మమ్మల్ని వదల్లేదు. గుడి వెనక అక్షరాలు అరిగిపోయిన రాతిపలక ఒకటి చూపించి, చిన్నప్పుడు దాని మీద కూర్చుని దొంగ జామకాయలు తిన్నందుకు వాళ్ళ నాన్న చేత తిన్న తన్నుల గురించి చెప్పారు. రాతి చరిత్ర ఆయనకూ తెలియదట.

బజారు మలుపులో వేరుశనక్కాయలు అమ్మే ముసలమ్మ ఉండేది. రోజూ ఆమె ముందు నుంచే బడికి వెళ్ళేదాన్ని గానీ ఏనాడూ పలకరించిన పాపాన పోలేదు. ఆమెనూ అడిగాను. తట్ట పక్కకు జరిపి కూర్చోమంది. కొత్త కోడలిగా ఆమె వచ్చిన బండి ఎద్దు సరిగ్గా ఆ మలుపులోనే మొరాయించి పడుకుందట. ఊరు ఊరంతా చేరి దాన్ని బతిమాలిందట. "నన్ను చూడ్డానికొచ్చినోళ్ళంతా ఎద్దును చూసిపోయారు," అంటూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి అడిగినోళ్ళే లేరంది.

చివరికి మా ఇంటి తలుపే తట్టి, ఊరికి కొత్తవాళ్ళం, ఈ పూట భోజనం దొరుకుతుందా అని అడిగాం. "దొరుకుతుందండి, ముందు కాళ్ళు కడుక్కోండి," అంది మా అమ్మ, పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే.

సోమవారం స్తంభాల కథలన్నీ అయ్యాక నేను ఎద్దు కథ అందుకున్నాను. ఒక్కరూ నమ్మలేదు. తేల్చుకుందామని సాయంత్రం క్లాసు క్లాసంతా ముసలమ్మ దగ్గరికి నడిచింది. ఆమె మళ్ళీ మొదటినుంచీ చెప్పింది, ఈసారి ఎద్దును ఇంకాస్త పెద్దది చేసి. ఓరుగల్లు చూసొచ్చినవాళ్ళు దుమ్ములోనే చతికిలబడి విన్నారు. నాకా రోజు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను.

ఇది పాఠమని తాతయ్య ఎన్నడూ అనలేదు. నాకిప్పుడు ఆయన వయసొచ్చింది. ఏ ఊరు వెళ్ళినా దారి తెలిసి కూడా ఆగి, అక్కడ కూర్చున్నవాళ్ళను అడుగుతాను. ఫోన్లో చూసుకోవచ్చుగా అని మా మనవరాలు విసుక్కుంటుంది. ఫోను దారి చెబుతుంది, కాదనను. కానీ మనం అడిగామని అది సంతోషపడదు.